ఇస్త్రీ గదిలో మంచం

డిసెంబరు పదిహేను, ఆదివారం మధ్యాహ్నం. గిల్దార్దో చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. వారానికి ఏడు చొక్కాలు, పెళ్ళయిన ఇరవై మూడేళ్ళుగా. కాలర్ ముందు లోపలివైపు రుద్దాలి, తర్వాత పైవైపు. లేకపోతే ముడత పడుతుంది, ముడత పడితే "ఏంటమ్మడూ, నిద్రలో చేశావా?" అంటాడు మా ఆయన. అయిదో చొక్కా బల్ల మీదుండగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తాగేసిన కాఫీ కప్పు.

"ఇటు చూడు అమ్మడూ. కారుకి స్పీకర్లు. ఈ క్రిస్మస్‌కి నువ్వు నాకు కొనిపెట్టేవి ఇవే. కొట్టువాడితో చెప్పి పక్కన పెట్టించాను కూడా."

"ఆట మొదలయ్యేది రేపు కదా," అన్నాను.

"రేపైతే ఏంటి, ఎల్లుండైతే ఏంటి? నీ చేతులు ఎప్పుడూ చాపే ఉంటాయి రూబీ. నీతో ఆడ్డం కూడా ఒక ఆటేనా?" అంటూ నవ్వి, ఆ ఖాళీ కప్పు నావైపు చాపాడు.

నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి కప్పు అందుకున్నాను. అందుకున్నాక గాని చూసుకోలేదు నా చేతిని. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆలూ లేదు చూలూ లేదు, ఈయన మాత్రం బహుమతికి అప్పుడే పేరు పెట్టేసి కొట్లో దాచిపెట్టుకున్నాడు!

ఆట ఏమిటంటే, మా ఊరు మనిసాలెస్‌లో పదహారు నుంచి ఇరవై నాలుగు దాకా, నవదిన ప్రార్థనలు జరిగే తొమ్మిది రోజులూ మొగుడూ పెళ్ళాలు, అన్నాచెల్లెళ్ళు, ఆఫీసుల్లో వాళ్ళు, అందరూ పందేలు వేసుకుంటారు. రకరకాల పందేలున్నాయి. మా ఇంట్లో ఆడేది "ఇవ్వాలి, పుచ్చుకోకూడదు" అన్నది. అవతలివాళ్ళ చేతిలోంచి ఏ వస్తువు అందుకున్నా ఓడిపోయినట్టే. ఇచ్చినవాళ్ళు "నా అగినాల్దో!" అని కేక పెడతారు. అగినాల్దో అంటే క్రిస్మస్ కానుక. గెలిచినవాళ్ళు ఏది అడిగితే అది ఓడినవాళ్ళు కొనిపెట్టాలి.

ఇరవై మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా గెలవలేదు. ఒక ఏడు తడి తువ్వాలు అందించాడు, పుచ్చుకున్నాను. ఒక ఏడు కూరల సంచీ. మా అమ్మాయి యులియానా పుట్టిన ఏడు పిల్లనే అందించాడు. గుక్కపట్టి ఏడుస్తున్న మూడు నెలల పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టి "నా అగినాల్దో!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. బిడ్డని పుచ్చుకోకుండా ఏ తల్లి ఉంటుంది? ఆ ఏడు ఫుట్‌బాల్ బూట్లు కొనిపెట్టాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇవాళ్టికీ నామీద నాకే కోపం వస్తుంది.

మొదటి ఏడు మాత్రం నేను ఊరుకోలేదు. కొత్త కోడల్ని, అత్తగారింట్లో క్రిస్మస్. భోజనాలయ్యాక ఎంగిలి గిన్నె నా చేతికిచ్చి గెలిచానన్నాడు. "అదేంటి? పొద్దున నా చేతిలోంచి కాఫీ పుచ్చుకున్నావుగా! ముందు ఓడింది నువ్వే," అన్నాను. గదిలో నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు మా అత్తగారు దోన్యా బెర్తీల్దా నా బుగ్గ గిల్లి, అందరికీ వినబడేలా, "అది ఇవ్వడం కాదే పిచ్చిమొహమా, అది నీ పని," అంది. మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే చట్టం. నేనిచ్చే కాఫీ, కంచం, చొక్కా, తువ్వాలు, బీపీ మాత్ర, మంచినీళ్ళు ఏవీ ఇవ్వడం కిందికి రావు. ఆయన ఇచ్చే ఎంగిలి గిన్నె మాత్రం వస్తుంది.

గిల్దార్దో పిసినారి కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. గెలిచినా కూడా ఏటా నాకేదో ఒకటి తెస్తాడు. ప్రెషర్ కుక్కర్ తెచ్చాడు. మిక్సీ తెచ్చాడు. నిరుడు తెచ్చిన ఇస్త్రీపెట్టెతోనే ఇప్పుడు ఆయన చొక్కాలు రుద్దుతున్నాను. దాని పిడికి ఎర్ర రిబ్బను ముడి కట్టి ఇచ్చాడు. "నా పెళ్ళానికి ఏ లోటూ చెయ్యను" అని తమ్ముళ్ళకి చెప్పుకున్నాడు.

నాకేం కావాలో ఎవరూ అడగలేదు గాని, నాకు తెలుసు. నాకు ఒక మంచం కావాలి. ఒక్క మనిషికి సరిపోయే మంచం, ఈ ఇస్త్రీ గదిలో, ఈ కిటికీ పక్కన.

వినడానికి మీకు వింతగా ఉండొచ్చు. మా పెద్ద మంచంలో నాది గోడవైపు. ఆయన అడ్డంగా పడుకుంటాడు, నేను గోడకి బల్లిలా అతుక్కుని పడుకుంటాను. ఆయన గురక మొదలైతే నాకు నిద్ర ఆగిపోతుంది. లేద్దామంటే ఆయన కాళ్ళ మీంచి దాటాలి. దాటితే లేచి, "ఎటే? ఎలాగూ లేచావు గాని మంచినీళ్ళు పట్రా," అంటాడు. జ్వరం వచ్చినా అక్కడే, గర్భసంచి తీయించుకుని వచ్చిన వారం కూడా అక్కడే. పొద్దున నాలుగున్నరకి లేచి అరేపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, కాల్చాలి, యులియానా టిఫిన్ కట్టాలి, ఏడింటికల్లా నోటరీ ఆఫీసులో ఉండాలి. ఎవరిమీదా ద్వేషంతో అడగటం లేదు. కాళ్ళు చాపుకుని నిద్రపోవాలని ఉంది, అంతే. ఇంటికొచ్చే ప్రతి వస్తువూ నాలుగు రోజుల్లో అందరిదీ అయిపోతుంది. నా దువ్వెన, నా చెప్పులు, చివరికి నా దిండు కూడా. తలుపేసుకుంటే లోపల నేనొక్కదాన్నే ఉండే చోటు ఈ ఇంట్లో ఒక్కటీ లేదు.

ఆ మంచం నేను చూసి కూడా వచ్చాను. ఇరవై మూడో వీధిలో, ఆఫీసుకి వెళ్ళే దారిలో ఒక కొట్లో ఉంది. దేవదారు చెక్క. తలవైపు చిన్న అర. కొట్టావిడ నా వెనకాలే వచ్చి, "పాపకాండీ? ఎన్నేళ్ళు?" అంది. "నలభై తొమ్మిది," అన్నాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు ఆవిడ కూడా నవ్వాపి, పరుపు మీద చెయ్యి పెట్టి, "కూర్చుని చూడండి," అంది.

ఆ ఆదివారం సాయంత్రం మా అత్తగారు వచ్చింది. పక్క వీధే ఆవిడది. యులియానా హాల్లో బాలయేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు సర్దుతోంది. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి అందరి ముందూ అడిగాను.

"గిల్దార్దో, ఈసారి నేను గెలిస్తే?"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ముగ్గురూ నవ్వారు, యులియానాతో సహా.

"నువ్వు గెలిస్తే చంద్రుణ్ణి అడుగు, తెచ్చిపెడతాను!"

"అంత దూరం పోనక్కర్లేదులే. ఏది అడిగినా కాదనవుగా?"

"కాదనను. ఇదిగో, అమ్మే సాక్షి."

చిటికెనవేళ్ళు కలిపి పందెం వేసుకున్నాం. ఆయన వేలు మెత్తగా ఉంది. నా వేలికి చాకు గాటు ఇంకా మానలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. కాఫీ తీసుకెళ్ళి చాపాను. తలెత్తకుండానే అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"నా అగినాల్దో," అన్నాను. అరవలేదు.

"ఏంటీ?"

"నా చేతిలోంచి పుచ్చుకున్నావు. ఓడిపోయావు."

ఆయన నవ్విన నవ్వుకి కాఫీ చొక్కా మీద ఒలికింది. అది నేను ఇస్త్రీ చేసిన చొక్కా. వెంటనే వాళ్ళమ్మకి ఫోను చేసి స్పీకర్ పెట్టాడు. "అమ్మా, విను, నీ కోడలు కాఫీ ఇచ్చి గెలిచిందట!"

"ఓసి దాని దుంప తెగ! ఇరవై మూడేళ్ళ కిందటే తేల్చాం కదరా ఆ సంగతి," అంది ఆవిడ. "రూబీ, వింటున్నావా? అది ఇవ్వడం కాదే తల్లీ, అది నీ పని."

"విన్నాను అత్తమ్మా. అది ఇవ్వడం కాదన్నమాట."

"కాదు."

"సరే. అయితే ఇవ్వడం కానిదాన్ని ఇవ్వకపోయినా తప్పేం లేదుగా," అన్నాను. ఆవిడ అప్పటికే ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం గింజల కూర వండాను. నా కంచంలో వడ్డించుకుని వచ్చి కూర్చున్నాను. గిల్దార్దో రెండు చేతులూ బల్లమీద పెట్టి ఎదురుచూశాడు.

"నాదేదీ?"

"కుండలో ఉంది."

"పెట్టవా?"

"పెడితే ఆటలో లెక్కకి రావాలి. రాదన్నారు మీ అమ్మ. లెక్కకి రానిదాన్ని నేనెందుకు ఇవ్వడం?"

"ఇదేం తిరకాసే!" అన్నాడు. లేచి వెళ్ళి గరిటె కోసం అన్ని సొరుగులూ లాగాడు. ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా ఉంటున్నాం, గరిటె ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు. నేను తింటూ కూర్చున్నాను. 

ఇవ్వడం మానటం తేలికే అనిపించింది. పుచ్చుకోకుండా ఉండటమే ప్రాణం తీసింది. ఆయన కప్పు చాపితే నా చెయ్యి నన్నడక్కుండా లేచేది. తువ్వాలు విసిరితే గాల్లోనే పట్టుకోబోయేదాన్ని. అందుకని పెద్ద జేబులున్న పాత ఏప్రన్ వేసుకుని, చేతులు జేబుల్లో దోపుకుని తిరిగాను. మొదటిరోజు ఆయన ఖాళీ కప్పు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడు. సింకు మూడడుగుల దూరంలో ఉంది. చివరికి దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాడు. బుధవారానికి ఫ్రిజ్ మీద ఏడు కప్పులు చేరాయి. ఒక్క రోజులో ఆయన నా చేతికి ఎన్ని వస్తువులు ఇవ్వబోతాడో వేళ్ళమీద లెక్కపెట్టాను. సాక్సులు, కారు తాళాలు, తిన్న అరటితొక్క, గుండీ ఊడిన చొక్కా, "ఇది ఎక్కడ పెట్టాలి" అన్న ప్రతిదీ. నలభై దాటాక లెక్క మానేశాను.

యులియానాకి ఇరవై ఏళ్ళు, యూనివర్సిటీలో చదువుతోంది. బుధవారం ఉదయం ఉతకని జీన్స్ పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఓడిపోవే, ప్లీజ్. ఓ జత స్పీకర్లు కొని పడేస్తే ఇల్లు మళ్ళీ మామూలుగా నడుస్తుంది కదా," అంది.

"నడిపేది ఎవరు?" అన్నాను.

అది జీన్స్ నావైపు చాపింది, మళ్ళీ వెనక్కి లాక్కుంది. సాయంత్రం వచ్చేసరికి వాషింగ్ మెషీన్ దగ్గర నిలబడి మీటలన్నీ నొక్కి చూస్తోంది.

గురువారం ఆఫీసులో క్రిస్మస్ కానుకలు పంచారు. మా నోటరీ సాల్దార్రియాగా, మా దగ్గర లాయర్లని కూడా డాక్టర్ అనే పిలుస్తాం, మగవాళ్ళకి తలా ఒక రమ్ము సీసా ఇచ్చాడు. ఆడవాళ్ళకి ఏప్రన్లు. మీద దేవదూత బొమ్మ. వాటిని కొనడానికి పంపింది కూడా నన్నే. పదహారేళ్ళుగా ఆ ఆఫీసులో దస్తావేజులు రాస్తున్నాను, నా కన్నా వెనక చేరిన ఇద్దరు మగపిల్లలు నాకు పైఅధికారులయ్యారు. వాళ్ళ పెళ్ళాలకి కానుకలు ఎంపిక చేసి, చుట్టి, రిబ్బన్లు కట్టేది కూడా నేనే, "నీ చెయ్యి మంచిది రూబియేలా" అని. ఆ రోజు డాక్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ తాగేసిన కప్పు పక్కకి చాపాడు, చూడను కూడా చూడలేదు. ఎవరో ఒక ఆడమనిషి చెయ్యి అక్కడ ఉంటుందని ఆయన నమ్మకం. అక్కడున్నది నేను. నా చేతులు స్వెట్టరు జేబుల్లో ఉన్నాయి. కప్పు కిందపడి భళ్ళుమంది.

"ఏమైంది రూబియేలా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది డాక్టర్. చీపురు మీ వెనకాలే ఉంది," అన్నాను.

 ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. పోలేదు. ఆయన వెనక్కి తిరిగి చీపురు వంక చూశాడు, అటు చూస్తూనే తన గదిలోకి వెళ్ళిపోయాడు. కప్పు పెంకులు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. ఏప్రన్ నా బల్ల మీదే వదిలేసి ఇంటికొచ్చాను.

శనివారం ప్రార్థన మా ఇంట్లో. చుట్టుపక్కల వాళ్ళు, గిల్దార్దో తమ్ముళ్ళు, వాళ్ళ సంసారాలు, ఇరవై మంది వచ్చారు. ప్రార్థన మా ఇంట్లో అంటే, అందరూ పాడుతుండగా నేను వంటింట్లో నూనె ముందు నిలబడి బున్యువేలోలు వేయించడం. జున్నూ పిండీ కలిపి గుండ్రంగా చేసి వేయించాలి, మంట ఎక్కువైతే పగిలి నూనె మొహాన చిందుతుంది. ఇరవై మూడేళ్ళలో బాలయేసు ప్రార్థన నేను మొదటినుంచి చివరిదాకా కూర్చుని విన్నది లేదు. ఈసారి ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గిలక్కాయలు వాయించాను, గొంతెత్తి పాడాను. ప్రార్థన అయిపోయింది. జనం వంటింటివైపు చూశారు. అక్కడ పొయ్యి చల్లగా ఉంది.

మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఆట ఆటే, కాపురం కాపురమే. నలుగుర్లో వాడి పరువు తియ్యకు. వారం నుంచి సరిగ్గా తిండి లేదు బిడ్డకి."

"ఆ బిడ్డకి యాభై రెండేళ్ళు అత్తమ్మా. కుండలో రోజూ ఉంటోంది."

"వడ్డించుకోవడం వాడికి రాదే!"

"గింజలు తినడం వచ్చుగా. గరిటెకి ఆయన్ని చూస్తే ఏమైనా కోపమా?"

అప్పటికే గిల్దార్దో తమ్ముళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారు. ఒకడు, "ఏంట్రా అన్నయ్యా, ఇవాళ బున్యువేలోలు కూడా ఫ్రిజ్ మీదే ఉన్నాయా?" అన్నాడు. కప్పుల సంగతి యులియానా చెప్పేసినట్టుంది. గిల్దార్దో మొహం ఎర్రబడింది.

"సరేనే, సరే! కాఫీ లెక్కే! కంచం లెక్కే! నేను ఓడిపోయాను! చాలా?" అని అరిచాడు. "అందరూ విన్నారుగా? ఏం కావాలో అడిగి చావు, అడిగి ఆ నూనె పెట్టు!"

ఇరవై మంది చూస్తున్నారు.  అడిగాను.

"నాకొక మంచం కావాలి. ఒక్కదానికి సరిపడేది. ఇస్త్రీ గదిలో వేసుకుంటాను, ఆ గదికి లోపలి గడియ పెట్టించుకుంటాను. అదే నా అగినాల్దో."

అంతసేపూ గిలక్కాయ ఊపుతున్న పక్కింటావిడ చెయ్యి ఆగిపోయింది. అత్తగారు సిలువ గుర్తు వేసుకుంది.

"ఒంటి మంచమా? నేను బతికుండగానే?" అన్నాడు గిల్దార్దో. నవ్వబోయాడు గాని, ఎవరూ తోడు నవ్వలేదు. "బాగా జోకేశావు. చెవిపోగులు అడుగు."

"మంచం."

"జనం ఏమనుకుంటారే? మొగుణ్ణి వదిలేసిందనుకోరూ?"

"నిద్రపోతోంది అనుకుంటారు."

"ఆట సరదాకి ఆడతారు రూబీ," అన్నాడు గొంతు తగ్గించి, చిన్నపిల్లకి చెప్పినట్టు. "సరదాకి ఎవరైనా ఇలాంటివి అడుగుతారా?"

సరదా! ఫుట్‌బాల్ బూట్లు, తోలు జాకెట్టు, చేతి గడియారం, మాంసం కాల్చుకునే పొయ్యి, ఇరవై మూడేళ్ళ పాటు ఒక్కటి కూడా వదలకుండా నా చేత కొనిపించుకున్నప్పుడు అది సరదా కాలేదు. అప్పుడు "పందెం పందెమే అమ్మడూ, మాటంటే మాటే" అన్నాడు. నేను గెలిచేసరికి సరదా అయింది. ఒళ్ళంతా మండిపోయింది. తిట్టాలనిపించింది, ఫ్రిజ్ మీది కప్పులన్నీ గోడకేసి కొట్టాలనిపించింది. కొడితే ఊడ్చేది నేనే అని గుర్తొచ్చి ఆగాను. ఆ గుర్తు రావడం మీద ఇంకా కోపం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన బయటికెళ్ళి పెద్ద పెట్టె తెచ్చాడు. బంగారు రంగు కాగితం, పైన రిబ్బను. నూనె లేకుండా వేపుడు చేసే యంత్రం. "ఇదిగో, నీ అగినాల్దో. ఇప్పుడు నవ్వు," అని నావైపు చాపాడు. నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

"పుచ్చుకోవే! ఆట అయిపోయిందిగా!"

"ఇరవై నాలుగు దాకా ఉంది," అన్నాను.

బరువైన పెట్టె. పాపం, చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు.

సోమవారం ఆఫీసులో పాడైపోయిన స్టాంపు కాగితం వెనక ఒక ఉత్తరం రాశాను. చిన్నప్పుడు మా ఊళ్ళో పిల్లలందరం రాసేవాళ్ళం బాలయేసుకి, ఏం కావాలో. పదేళ్ళు దాటాక నేనెప్పుడూ రాయలేదు. "బాలయేసుకి, దేవదారు మంచం ఒకటి, గట్టి పరుపు, చదువుకునే దీపం, ఇనప గడియ. ఇట్లు రూబియేలా." రాసి చదువుకున్నాను. ఇది బాలయేసు దాకా ఎందుకు, ఇరవై మూడో వీధి దాకా చాలు అనిపించింది. అప్పుడే ఫోను మోగింది. కారు సామాన్ల కొట్టతను. "సార్ స్పీకర్లు పక్కన పెట్టమన్నారమ్మా, మీరొచ్చి తీసుకుంటారని చెప్పారు."

"వేరేవాళ్ళకి అమ్మేసుకోండి బాబూ," అన్నాను.

ఏటా నా డిసెంబరు బోనస్ చేతికొచ్చిన రోజే కరిగిపోతుంది. ఆయన పందెం, ఆయన తమ్ముళ్ళ పిల్లల బొమ్మలు, అత్తగారి శాలువా. ఈసారి ఆఫీసు నుంచి తిన్నగా మంచాల కొట్టుకి నడిచాను. కొట్టావిడ నన్ను గుర్తుపట్టింది. "కానుకా? చీటీ మీద ఏం రాయమంటారు?" అంది. "రూబియేలాకి, రూబియేలా నుంచి," అన్నాను. ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసింది. బయటికి వచ్చాక వాన మొదలైంది. గొడుగు విప్పకుండా కొండ ఎక్కి ఇంటికి వచ్చాను, ఎందుకో ఏడుపు ఆగలేదు.

ఇరవై నాలుగు, ఉదయం పదింటికి బండి వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. నతీయా ఎవరు కలియబెట్టాలన్న దానిమీద వంటింట్లో గొడవ జరుగుతోంది. పాలూ బెల్లం మొక్కజొన్న పిండీ కలిపి గంటసేపు ఆపకుండా తిప్పే తీపి అది, ఆపితే అడుగంటుతుంది. చివరికి మా అత్తగారు తిప్పుతోంది. గిల్దార్దో మొహం మాడ్చుకుని బెల్లం తురుముతున్నాడు. బండివాళ్ళిద్దరు మంచం మోసుకుంటూ మెట్లెక్కి వచ్చి, "ఏ గదిలోకి సెన్యోరా?" అన్నారు.

"వంటింటి వెనకాల," అన్నాను.

గిల్దార్దో బెల్లం వదిలేసి గుడ్లప్పగించి చూశాడు. "ఎవరు కొన్నారు?"

పరుపు మీది చీటీ చూపించాను. చదివాడు. మళ్ళీ చదివాడు. తమ్ముళ్ళు తేలుకుట్టిన దొంగల్లా గోడలు చూస్తున్నారు. వాళ్ళ పెళ్ళాలు మాత్రం మంచం వైపే చూస్తున్నారు.

"రూబీ, పండగపూట ఇదేం పని? నన్ను నలుగుర్లో ఇలా..."

"నిన్నేం అన్లేదే గిల్దార్దో. నా క్రిస్మస్ కానుక నేను కొనుక్కున్నాను. జరుగు, దారి కావాలి."

ఇస్త్రీ బల్ల మడిచి బండివాళ్ళ చేత హాల్లోకి పంపించాను. మంచం కిటికీ పక్కన సరిగ్గా సరిపోయింది. వాళ్ళే తలుపుకి గడియ కూడా బిగించారు. మా అత్తగారు గరిటె పట్టుకునే వచ్చి, గుమ్మంలోంచి ఒకసారి చూసి, లోపలికి వచ్చి పరుపుని అరచేత్తో నొక్కింది. ఒక క్షణం అలాగే ఉంచింది చెయ్యి.

"గట్టిగానే ఉంది," అంది. తర్వాత నాకొక్కదానికే వినబడేలా, "ఎక్కడ కొన్నావే?" అంది. వంటింట్లో నతీయా మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

గదిలో ఇంక మిగిలింది ఒక్కటే. తొమ్మిది రోజులుగా పేరుకున్న చొక్కాల బుట్ట. దానిమీద ఎర్ర రిబ్బను ఇస్త్రీపెట్టె పెట్టి, రెండు చేతులా ఎత్తి గుమ్మంలో ఉన్న గిల్దార్దో ముందుకు చాపాను. చాలా బరువుంది, ఇస్త్రీపెట్టె జారబోయింది. ఆయన రెండు చేతులూ చాపి బుట్ట అందుకున్నాడు.

"అగినాల్దో!" అని వెనకనుంచి యులియానా ఎగిరి గంతేసింది. "పుచ్చుకున్నాడు, నాన్న పుచ్చుకున్నాడు! అమ్మ మళ్ళీ గెలిచింది!"

"లేదు యులీ, ఇది ఆటలో లెక్కకి రాదు," అన్నాను, తలుపు వేసుకుంటూ. "అది ఇవ్వడం కాదే తల్లీ. అది మీ నాన్న పని."